శెనక్కాయ ఆకు తలుపు మూసేది ఎవరు? 46 ఏళ్ల వెతుకులాట

ఈరోజు కథ మా చేన్లో మొదలై, ఒక కణం లోపలికి పోయి, మళ్లీ మా చేనుకే వస్తుంది. మధ్యలో తిరుపతి, భీమవరం, జర్మనీ, కాలిఫోర్నియా అన్నీ తగుల్తాయి.

మాది అనంతపురం వైపు. ఎర్రనేల, పైపైన మట్టి, కింద రాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన. అది కూడా అంతా ఒకేసారి కురిసిపోయి, తర్వాత నెలరోజులు మొహం చాటేసే వాన. ఒకప్పుడు జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లు దాటి వేసిన పంట శెనక్కాయ, అదీ ఎక్కువ భాగం వాన మీదే ఆధారపడి. మా అవ్వకు ఒక అలవాటు ఉండేది. విత్తినాక ఇరవై, ఇరవై ఐదు రోజులు చినుకు పడకపోతే మిట్టమధ్యాహ్నం చేన్లోకి పోయి ఆకు చూసొచ్చేది. అప్పుడు శెనక్కాయ ఆకులు దండం పెట్టినట్టు ముడుచుకుని ఉంటాయి. నేను చిన్నోణ్ణి, భయపడి "అవ్వా, చెట్టు చచ్చిపోతాందా?" అంటే, "ఇప్పుడు చూస్తే ఏం తెలుస్తాది రా అబ్బీ, తెల్లారి చూడాల. తెల్లారికి తేరుకుంటే బతికినట్టు" అనేది.

కంటికి కనిపించే ఆ ముడుచుకోవడం ఒకటి. ఎండ నేరుగా తగలకుండా ఆకు తనను తాను తిప్పుకోవడం అది. కంటికి కనిపించనిది ఇంకొకటి ఉంది, ఈరోజు నేను చెప్పబోయేది దాని గురించే. ఆకు మీద వేల సంఖ్యలో సన్నటి రంధ్రాలు ఉంటాయి. స్కూల్లో పత్రరంధ్రాలు అని చదువుకున్నాం కదా, అవే స్టొమాటా. ఒక్కో రంధ్రానికి అటూ ఇటూ రెండు రక్షక కణాలు, మన పెదవుల్లాగా. ఆ కణాల్లో నీళ్లు నిండి ఉబ్బితే రంధ్రం తెరుచుకుంటుంది, నీళ్లు పోయి సొట్టబడితే మూసుకుంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలన్నా, చెట్టులోని నీటి ఆవిరి బయటికి పోవాలన్నా అదే దారి. ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువు లోపలికి తెచ్చుకోవడానికి చెట్టు వందల నీటి అణువులు పోగొట్టుకుంటుంది. మా జిల్లాలో అది చాలా ఖరీదైన బేరం.

నేల ఎండిపోతే ఈ రంధ్రాలు మూసుకుంటాయని రైతుకూ తెలుసు, బోటనీ సారుకూ తెలుసు. మూసుకో అని ఎవరు చెప్తారు? చెప్తే వినేది ఎవరు? ఈ రెండో ప్రశ్నకు జవాబు 2009 దాకా దొరకలేదు. మొదటి ప్రశ్నకు జవాబు 1963లోనే చేతికొచ్చింది, కానీ దాన్ని గుర్తుపట్టలేదు.

1963లో కాలిఫోర్నియాలో ఫ్రెడరిక్ అడికాట్ బృందం పత్తి కాయలు ఎందుకు రాలిపోతాయా అని వెతుకుతూ ఒక పదార్థాన్ని వేరుచేసింది. దాదాపు అదే కాలంలో బ్రిటన్‌లో ఫిలిప్ వేరింగ్ బృందం, మొగ్గలు చలికాలం ఎందుకు నిద్రపోతాయా అని ఇంకో పదార్థం వెతుకుతోంది. చూస్తే రెండూ ఒకటే. 1967లో దానికి అబ్సిసిక్ ఆమ్లం అని పేరు ఖాయం చేశారు. అబ్సిషన్ అంటే రాలడం. పొట్టిగా ఏబీఏ. విచిత్రం ఏంటంటే ఆకులు రాల్చడం దాని అసలు పని కాదు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. మన ఊళ్లలో చిన్నప్పుడు బక్కగా ఉన్నోడికి బక్కోడు అని పేరు పడితే, తర్వాత వాడు వంద కిలోలైనా బక్కోడే కదా, అట్లా.

1969లో అసలు పని బయటపడింది. వాడిపోతున్న గోధుమ ఆకుల్లో కొన్ని గంటల్లోనే ఏబీఏ అనేక రెట్లు పెరుగుతోందని ఇంగ్లండ్‌లో రైట్, హైరాన్ చూపించారు. కోసిన ఆకులకు ఏబీఏ అందిస్తే రంధ్రాలు మూసుకుంటున్నాయని అదే ఏడాది ఇంకో బృందం చూపించింది. అంటే కరువు కబురు మోసుకొచ్చే అణువు ఇదే.

ఇక్కడ మన సీమ కథలోకి వస్తుంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, బోటనీ విభాగం, ప్రొఫెసర్ వి.ఎస్. రామదాస్. 1970ల్లో ఆయన ల్యాబ్ ఈ రంధ్రాల వెంట పడింది. నాకు ఇది చాలా సహజంగా అనిపిస్తుంది. రాయలసీమలో కూర్చుని మొక్కల మీద పని చేసేవాళ్లు నీళ్ల గురించి కాక ఇంక దేని గురించి ఆలోచిస్తారు? 1976లో రామదాస్, ఐ.ఎం. రావు, ఎ.ఎస్. రాఘవేంద్ర కలిసి ఒక చిన్న పేపర్ వేశారు. ఏబీఏ వల్ల మూసుకున్న రంధ్రాలను బెంజైల్ అడెనిన్ అనే ఇంకో రసాయనంతో మళ్లీ తెరిపించొచ్చు అని. 1979లో రామదాస్, రాఘవేంద్ర బాష్పోత్సేకాన్ని తగ్గించే మందుల మీద, అంటే ఆకు మీద చల్లితే నీటి ఆవిరి తగ్గించే పదార్థాల మీద సమీక్ష రాశారు. ఈ రాఘవేంద్ర పేరు గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తారు.

కబురు దొరికింది. వినేది ఎవరో తెలియదు. అది అర్థం కావాలంటే కాసేపు మొక్కల్ని పక్కన పెట్టి, కణంలో ఎంజైములు ఎలా ఆన్, ఆఫ్ అవుతాయో చూడాలి.

ఎంజైమ్ అంటే కణంలో పని చేసే ప్రోటీన్. కానీ ఇరవై నాలుగు గంటలూ అదే పని చేస్తూ కూర్చుంటే కణం పాడైపోతుంది. దానికో స్విచ్ కావాలి. 1950ల మధ్యలో అమెరికాలో సియాటెల్‌లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కండరాల్లోని ఒక ఎంజైమ్ మీద పని చేస్తూ ఆ స్విచ్ కనిపెట్టారు. ఎంజైముకు ఒక ఫాస్ఫేట్ ముక్క తగిలిస్తే ఆన్, పీకేస్తే ఆఫ్. కొన్నింటిలో ఇది తిరగబడి ఉంటుంది. తగిలించే ఎంజైముల్ని కైనేజ్ అంటారు, పీకేసేవాటిని ఫాస్ఫేటేస్ అంటారు. దీనికి వాళ్లిద్దరికీ 1992లో నోబెల్ వచ్చింది.

ఆ ఫాస్ఫేట్ ముక్క ఎక్కడి నుంచి వస్తుంది? ఏటీపీ నుంచి. ఏటీపీని 1929లో లోకానికి చూపించిన వాళ్లలో ఒకరు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి చేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది విడిగా కనిపెట్టారు. అంతకు ముందే 1925లో, ద్రావణంలో ఎంత ఫాస్ఫేట్ ఉందో నీలి రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ఫిస్కే, సుబ్బారావు ఇచ్చారు. ఫాస్ఫేటేస్ ఎంత చురుగ్గా ఉందో తెలియాలంటే అది ఎంత ఫాస్ఫేట్ పీకిందో కొలవాలి కదా. ఎన్నో దశాబ్దాలు ప్రపంచమంతా ల్యాబుల్లో ఆ పద్ధతి నడిచింది. సుబ్బారావు గురించి మాట్లాడితే మనవాళ్లు ఆయన తయారుచేసిన మందుల దగ్గరే ఆగిపోతారు. నాకైతే ఈ నీలి రంగు కూడా అంతే గొప్పగా అనిపిస్తుంది.

మళ్లీ మొక్క దగ్గరికి. 1984లో నెదర్లాండ్స్‌లో మార్టెన్ కోర్నీఫ్ ఒక తెలివైన పని చేశారు. ఏబీఏకి ఇంకో పని కూడా ఉంది, అది విత్తనాన్ని మొలకెత్తకుండా ఆపుతుంది. అందుకని ఆయన అరబిడోప్సిస్ అనే ఆవాల జాతి చిన్న మొక్క విత్తనాలను ఏబీఏ కలిపిన చోట వేశారు. ఏబీఏ ఉన్నా లెక్కచేయకుండా మొలిచిన మొండి విత్తనాలను ఏరారు. ఆ మొక్కలు పెరిగాక చూస్తే కొన్ని ఇట్టే వాడిపోతున్నాయి, ఎందుకంటే కరువు కబురు వచ్చినా రంధ్రాలు మూయడం లేదు. పాడైన ఆ జన్యువుల్లో మొదటి దానికి ఏబీఐ1 అని పేరు పెట్టారు. పదేళ్ల తర్వాత, 1994లో, ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్ ఏంటో తేలింది. ఒక ఫాస్ఫేటేస్! పీపీ2సీ అనే కుటుంబానికి చెందినది.

ఇక్కడ అందరికీ తల తిరిగింది. ఈ ఫాస్ఫేటేస్ ఏబీఏ కబురుకు సాయం చేసేదా, అడ్డం పడేదా? సాయం చేసేదైతే అది చెడిపోయినందుకే మొక్కకు కబురు వినపడలేదు అనుకోవచ్చు. కానీ 1990ల చివర్లో ఆ ఫాస్ఫేటేస్‌ను పూర్తిగా పని చేయకుండా చేసి చూస్తే, మొక్కకు చెవులు ఇంకా పదునెక్కాయి! అంటే అది అడ్డం పడేదే. మరి కోర్నీఫ్ మొక్కలో ఉన్న ఆ చెడిపోయిన రకం ఎందుకంత మొండిగా అడ్డం పడుతోంది? ఆ చిక్కుముడి అలాగే ఉండిపోయింది.

2002లో ఫ్రాన్స్‌లో ఇంకో మొక్క దొరికింది, అదీ భలే పద్ధతిలో. ఆకు నుంచి నీరు ఆవిరైతే ఆకు చల్లబడుతుంది, మన కుండలో నీళ్లలాగా. నీళ్లు తక్కువైనప్పుడు రంధ్రం మూసుకుంటే ఆకు వేడెక్కాలి. అందుకని వేడిని చూపించే కెమెరాతో మొక్కల వరసలను ఫొటో తీసి, నీళ్లు లేకపోయినా చల్లగా ఉన్న మొక్కను పట్టుకున్నారు. దానిలో చెడిపోయింది ఒక కైనేజ్. ఎస్ఎన్ఆర్‌కే2 అనే కుటుంబం. ఫాస్ఫేట్ తగిలించేది అది, పీకేసేది పీపీ2సీ. కైనేజ్ గెలిస్తే తలుపు మూసుకుంటుంది, ఫాస్ఫేటేస్ గెలిస్తే తెరిచే ఉంటుంది. ఈ కుస్తీలో ఏబీఏ ఎవరి చెవిలో ఏం ఊదుతోంది?

ఆ చెవి, అంటే రిసెప్టార్, మేమే పట్టుకున్నామని 2006, 2007లో వరసగా ప్రకటనలొచ్చాయి. ఒక పేపర్ 2006లో నేచర్‌లో వచ్చింది, 2008లో వెనక్కి తీసుకున్నారు. ఇంకోదాని మీద పెద్ద గొడవ జరిగింది, మిగతా ల్యాబుల్లో ఆ ఫలితం రాలేదు. అందుకే 2009లో మళ్లీ "దొరికింది" అంటే చాలామంది నమ్మడానికి సిద్ధంగా లేరు.

ఇన్నేళ్లు ఎందుకు దొరకలేదో తెలుసా? అది ఒకటి కాదు కాబట్టి. అరబిడోప్సిస్‌లో అలాంటి రిసెప్టార్లు 14 ఉన్నాయి. ఒకటి చెడిపోతే ఇంకోటి ఆ పని చేసేస్తుంది. ఒక్కో జన్యువును చెడగొట్టి చూసే పద్ధతిలో దేన్నీ పట్టుకోలేం. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో షాన్ కట్లర్ వేరే దారిలో వచ్చారు. పైరాబాక్టిన్ అనే కృత్రిమ రసాయనం విత్తనాన్ని ఏబీఏ లాగే ఆపుతోంది, కానీ అది ఆ కుటుంబంలో కొన్నిటికే అతుక్కుంటుంది. కాబట్టి దాన్ని లెక్కచేయని మొండి విత్తనాలు ఏరితే ఒక్క జన్యువు దగ్గరే దొరికిపోయింది. అదే సమయంలో మ్యూనిక్‌లో ఎర్విన్ గ్రిల్ బృందం ఎదురు దిక్కు నుంచి వచ్చింది. పీపీ2సీ ఫాస్ఫేటేస్‌కు కణంలో ఏ ప్రోటీన్ అతుక్కుంటుందా అని వెతికితే అదే కుటుంబం చేతికొచ్చింది. రెండు పేపర్లూ 2009లో సైన్స్ పత్రికలో వచ్చాయి. ఆ ఏడాది చివర్లో సైన్స్ ఇచ్చిన గొప్ప ఆవిష్కరణల జాబితాలో ఇదీ ఉంది, చంద్రుడి మీద నీళ్లు దొరకడమూ ఉంది.

సరే, అది పని చేసే తీరు చెప్తా. ఎత్తు మీద ట్రాక్టర్ ఆపి, చక్రం కింద రాయి పెట్టారనుకోండి. ట్రాక్టర్‌ను కదిలించాలంటే రెండు దారులు. వెనక నుంచి తొయ్యొచ్చు. లేదా రాయి తీసేయొచ్చు, అదే దొర్లిపోతుంది. మొక్క రెండో దారి ఎంచుకుంది. కైనేజ్ ట్రాక్టర్, ఫాస్ఫేటేస్ రాయి. మామూలు రోజుల్లో కైనేజ్‌కు ఫాస్ఫేట్ తగిలినప్పుడల్లా ఫాస్ఫేటేస్ పీకేస్తూ దాన్ని నిద్రపుచ్చుతుంది. రిసెప్టార్ ఒక గిన్నె ఆకారంలో ఉంటుంది. కరువొచ్చి ఏబీఏ పెరిగితే, ఆ అణువు వచ్చి గిన్నెలో పడుతుంది. గిన్నె మీద మూత లాంటి మడత వాలుతుంది. మూత వాలాక ఆ ప్రోటీన్ పైభాగం ఆకారం మారిపోయి, సరిగ్గా ఫాస్ఫేటేస్ నోటికి అడ్డం పడేలా తయారవుతుంది. ఫాస్ఫేటేస్ నుంచి ఒక ముక్క వచ్చి మూత పక్కన గడియలా దూరుతుంది. ఇంక ఏబీఏ ఊడి రాదు, ఫాస్ఫేటేస్ నోరు తెరవదు. 2012లో ఇంకో చమత్కారం తెలిసింది. రిసెప్టార్ మూత ఫాస్ఫేటేస్ నోట్లో కూర్చునే తీరు, కైనేజ్ అక్కడ కూర్చునే తీరు ఒకేలా ఉన్నాయి. రోజూ తినే తిండే అనుకుని నోట్లో పెట్టుకుని ఇరుక్కుపోతుందన్నమాట.

రాయి తొలిగింది. కైనేజ్ కొంత తనంతట తానే, కొంత తోటి ఎంజైముల సాయంతో లేస్తుంది. పోయి రక్షక కణం పొరలో ఉన్న ఒక గేటుకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ గేటు తెరుచుకుని క్లోరైడ్ లాంటి అయాన్లు బయటికి, వాటి వెంట పొటాషియం, దాని వెంట నీళ్లు. కణం సొట్టబడుతుంది, తలుపు మూసుకుంటుంది. ఇదంతా నిమిషాల్లో పని.

కోర్నీఫ్ మొండి మొక్క గుర్తుందా? 1984 చిక్కుముడి కూడా ఇక్కడే విడిపోయింది. దానిలోని ఫాస్ఫేటేస్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారడంతో రిసెప్టార్‌కు దాన్ని పట్టుకునే చోటే లేకుండా పోయింది. గిన్నెలో ఏబీఏ పడినా, మూత వాలినా, రాయి మాత్రం చక్రం కిందే ఉండిపోతుంది.

2010లో ఈ మొత్తం కథను ఒకచోట పేర్చి చెప్పిన సమీక్ష ఒకటి వచ్చింది. రాసిన నలుగురిలో చివరి పేరు మ్యూనిక్ ఎర్విన్ గ్రిల్. మొదటి పేరు? తిరుపతి ల్యాబ్ నుంచి హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చేరిన ఎ.ఎస్. రాఘవేంద్ర. 1976లో వాళ్లు బయటి నుంచి తలుపు మూసి తెరిచి చూశారు. 34 ఏళ్ల తర్వాత అదే తలుపు లోపలి గడియ ఎలా ఉందో ఆయనే పేర్చి చెప్పారు. నాకు ఈ కథలో బాగా నచ్చేది ఇదే.

ఇప్పుడు మీరు అడుగుతారు, శెనక్కాయలో కూడా ఈ ప్రోటీన్లు ఉన్నాయి కదా, వాటిని ఇంకా బలంగా చేస్తే మా కరువు తీరిపోతుంది కదా అని. ఇక్కడే నాకు కొంచెం కోపం వస్తుంది, ఎందుకంటే "కరువును తట్టుకునే జన్యువు" అన్న మాటను చాలా సులువుగా అమ్మేస్తారు. తలుపు మూస్తే నీళ్లు మిగుల్తాయి, నిజమే. కానీ అదే తలుపు నుంచి కార్బన్ డయాక్సైడ్ రావాలి. అంటే తలుపు మూసిన చెట్టు ఉపవాసం ఉన్నట్టు. పదిరోజులు ఉపవాసం చేసి బతకొచ్చు, కానీ ఊడలు దిగే సమయంలో ఉపవాసం చేస్తే కాయ ఎక్కడి నుంచి వస్తుంది? పైగా శెనక్కాయకు ఇంకో బాధ ఉంది. పువ్వు పైన పూసి, ఊడ నేలలోకి దిగాలి. పైమట్టి గట్టిపడిపోతే ఊడ దిగదు. కాయకు కావాల్సిన కాల్షియం కూడా కాయే చుట్టూ ఉన్న మట్టి నుంచి పీల్చుకోవాలి. మట్టి తడి లేకపోతే ఏ రిసెప్టారూ దానికి ఏమీ చేయలేదు. చెట్టు పచ్చగా ఉండి, పీకితే కింద రెండు కాయలు ఉన్న చేలు మా వైపు ఎన్నో చూశాం. ఆ చెట్టు తన పని తాను సరిగ్గానే చేసింది. బతికింది. అప్పు తీర్చాల్సింది మాత్రం రైతు.

1940లో విడుదలైన టీఎంవీ-2ను మా రైతులు ఈ శతాబ్దంలోకి కూడా ఊరికే లాక్కురాలేదు. 2005లో కదిరి పరిశోధన కేంద్రం నుంచి కె-6 వచ్చింది. తర్వాత ఇక్రిశాట్ వాళ్ల ఐసీజీవీ 91114 వచ్చింది. అది తొందరగా కోతకొచ్చే రకం. కరువుకు తలుపు మూసి కూర్చోవడం ఒక దారి, కరువు ముదరకముందే కాపు ముగించుకోవడం ఇంకో దారి. మా నేలకు రెండోది బాగా పనికొస్తుందని నా అభిప్రాయం.

అట్లని ఆ పరిశోధన వృథా అనడం లేదు. తలుపు ఎప్పుడు మూయాలో మనం నిర్ణయించగలిగితే కథ మారుతుంది. 2015లో కట్లర్ బృందం రిసెప్టార్‌ను మార్చి, తెగుళ్లకు వాడే మాండిప్రోపమిడ్ అనే మందును గుర్తుపట్టేలా చేసింది. ఆ మందు చల్లితే, మార్చిన మొక్క దాన్ని ఏబీఏ అనుకుని తలుపు మూసింది. 2019లో ఆదిత్య వైద్య మొదటి పేరుగా వచ్చిన పేపర్‌లో, జన్యువు మార్చకుండానే రిసెప్టార్‌కు ఏబీఏ కంటే గట్టిగా అతుక్కునే ఓపాబాక్టిన్ అనే అణువును తయారుచేశారు. కాపుకు ముందు వారం రోజులు నీళ్లు పొదుపు చేయించి, ఊడల సమయానికి తలుపు తెరిచి ఉంచడం, ఆ లెక్క మా చేన్లో కుదురుతుందా? వాన ఎప్పుడొస్తుందో ముందే తెలిస్తే కుదురుతుంది.

ఇదంతా చదివాక ఒకసారి మా అవ్వకు ట్రాక్టర్, రాయి కథ చెప్పినా. మొత్తం విని ఒక్కటే అడిగింది: "మరి వాన పడినాక రాయి మళ్లా ఎవరు పెడతారు?"

మంచి ప్రశ్న. వేర్లకు తడి తగిలాక కొత్త ఏబీఏ తయారీ తగ్గుతుంది. ఉన్న ఏబీఏను విరగ్గొట్టే ఎంజైములు వేరే ఉన్నాయి, వాటి జన్యువులు 2004లో దొరికాయి. ఏబీఏ తగ్గేకొద్దీ గిన్నె ఖాళీ అవుతుంది, మూత లేస్తుంది, గడియ ఊడుతుంది, ఫాస్ఫేటేస్ నోరు విడిపించుకుని కైనేజ్ మీది ఫాస్ఫేట్ పీకేస్తుంది. ఇదంతా చెప్పేసరికి అవ్వ, "అయితే రాయి ఎక్కడికీ పోలేదు, పక్కనే ఉంది" అని, తెల్లారి చేను చూడాలని పడుకుండిపోయింది.